‘నా సైజుకి ఏ బండి సరిపోతుంది?’ – పాఠకుల బండి ప్రశ్నలు

ప్రశ్న: అన్నా, నాకు 27 ఏళ్ళు. ఎత్తు 6 అడుగుల 1 అంగుళం, బరువు 116 కిలోలు. ఇప్పటిదాకా అక్కవాళ్ళ స్కూటీ తప్ప ఇంకో బండి ముట్టలేదు. ఇప్పుడు గేర్ బండి కొనాలని ఉంది. ఫ్రెండ్సేమో ‘నీకు బుల్లెట్టే కరెక్ట్, స్ప్లెండర్ ఎక్కితే సైకిల్ మీద ఏనుగు ఎక్కినట్టుంటుంది’ అని నవ్వుతున్నారు. నాన్న 125 చాలంటున్నారు. చిన్న బండి నిజంగా నన్ను మోయలేదా? పెద్ద బండి కొంటే నేర్చుకోగలనా? ఈమధ్యే పెళ్ళయింది, కాబట్టి డబుల్స్ కూడా తప్పదు.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తమ్ముడూ, నీ ఫ్రెండ్స్ సీసీ చూస్తున్నారు, మీ నాన్నగారు ధర చూస్తున్నారు. నువ్వు ముందు చూడాల్సింది ఈ రెండూ కాదు, బండి ఎంత బరువు మోస్తుందని కంపెనీ వాడే రాసిన అంకె. షోరూంలో ఎవరూ చెప్పరు గానీ ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. మామూలు 100, 125 సీసీ బండ్లలో చాలావాటికి అది 130 కిలోల దగ్గర ఉంటుంది. నడిపేవాడు, వెనక కూర్చున్న మనిషి, బ్యాగు, అన్నీ కలిపి 130. నువ్వొక్కడివే 116 కాబట్టి సింగిల్‌గా ఆఫీసుకి వెళ్ళడానికి 125 బండి నిన్ను మోస్తుంది, ఏమీ విరిగిపోదు. మీ ఆవిడ ఎక్కిన నిమిషం నుంచి లెక్క తప్పుతుంది. రోడ్ల మీద ముగ్గురేసి, పైన గ్యాస్ సిలిండర్‌తో సహా పోతున్నారు కదా అంటావేమో. పోతున్నారు, వాళ్ళ వెనక షాకప్‌లు ఎన్నాళ్ళకోసారి మారుస్తున్నారో మెకానిక్‌ని అడుగు.

అందుకే డబుల్స్ ఖాయం అనుకుంటే నేను కూడా 350 సీసీ బండ్ల వైపే చెప్తాను, కాకపోతే నీ ఫ్రెండ్స్ చెప్పిన కారణానికి కాదు. ఇంజన్ పెద్దదైతే కొత్తవాడికి ప్రమాదం అనే భయం ఈ తరగతి బండ్లకి అంతగా వర్తించదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఇంజన్ 349 సీసీ అయినా పవర్ 20 బీహెచ్‌పీ మాత్రమే, టార్క్ (లాగే బలం) 27 ఎన్ఎం, అదీ ఇంజన్ మెల్లగా తిరిగే కింది ఆర్‌పీఎంలోనే అందుతుంది. అంటే హాఫ్ క్లచ్‌లో మెల్లగా వదిలితే నీ బరువుతో కూడా ఆగిపోకుండా కదులుతుంది. 100 సీసీ బండి మీద నువ్వు ఫ్లైఓవర్ ఎక్కాలంటే మూడో గేర్లో గోల పెట్టించాలి, ఇక్కడ ఆ బాధ లేదు. భయపడాల్సింది బండి బరువుకి. క్లాసిక్, బుల్లెట్ రెండూ 195 కిలోలు. నడుస్తున్నప్పుడు తెలియదు, పార్కింగ్‌లో వెనక్కి తోసేటప్పుడు, ఇసుకలో కాలు జారినప్పుడు తెలుస్తుంది. లావుగా ఉన్నంత మాత్రాన బండిని ఆపగలిగే బలం ఉంటుందనుకోకు, వాలిపోతున్న 195 కిలోలని ఎవరూ చేత్తో ఆపలేరు, కాలు అడ్డం పెట్టకుండా వదిలెయ్యి. దెబ్బ బండికే తగలనీ.

ఇక ఏది కొనాలంటే, కాళ్ళు పొడుగున్నవాడివి కాబట్టి సీటుకీ ఫుట్‌రెస్ట్‌కీ మధ్య దూరం చూడు. అదే కంపెనీ హంటర్ 350 బరువు 181 కిలోలే, తిప్పడానికి తేలిక, కానీ కురచ బండి. నీ ఎత్తుకి మోకాళ్ళు మడతపడి గంటలోపే పట్టేస్తాయి, డబుల్స్‌లో ఇంకా ఇరుకు. హోండా హైనెస్ సీబీ350 కూడా 181 కిలోలే, సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు, కాస్త తీరుబడిగా కూర్చోవచ్చు. నన్నడిగితే నీకు మొదట ఇదే ఎక్కి చూడమంటాను, తర్వాత క్లాసిక్. అయితే హైనెస్ అమ్మేది హోండా పెద్ద బండ్లకి విడిగా ఉండే బిగ్‌వింగ్ షోరూముల్లో, సర్వీస్ నీకు దగ్గర్లో ఉందో లేదో ముందే కనుక్కో. ఆర్15 లాంటి ముందుకు వంగే బండ్లు వద్దు, నీ ఒళ్ళంతా మణికట్ల మీద పడుతుంది. కాళ్ళు ముందుకు చాపుకునే క్రూజర్లు షోరూంలో సోఫాలా ఉంటాయి గానీ, మన గుంతల్లో ప్రతి దెబ్బా నేరుగా వెన్నుపూసకే. కాళ్ళు కిందే ఉండే మామూలు బండి అయితే స్పీడ్ బ్రేకర్ దగ్గర ఫుట్‌రెస్ట్‌ల మీద లేచి నిలబడొచ్చు, నడుముకి అదే రక్ష. ట్రయంఫ్ స్పీడ్ 400 మీద కన్ను పడితే మాత్రం ఆగు, దాని పవర్ క్లాసిక్‌కి దాదాపు రెట్టింపు, మొదటి బండికి ఎక్కువ. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆ పైన బండ్లకి 40 శాతం.

బ్రేకుల సంగతి. 195 కిలోల బండి మీద 65 కిలోల మనిషి కూర్చుంటే మొత్తం 260, నువ్వు కూర్చుంటే 311. అదే స్పీడులో బ్రేకులకి దాదాపు 20 శాతం ఎక్కువ పని. కాబట్టి రెండు చక్రాలకీ డిస్క్, డ్యూయల్ చానల్ ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా రెండు చక్రాలూ బిగుసుకుపోకుండా చూసేది) ఉన్న వేరియంటే తీసుకో, ఇక్కడ పదివేలు మిగుల్చుకోవద్దు. ముందు బ్రేక్ వేస్తే పల్టీ కొడతామని స్కూటీ రోజుల్లో ఎవరో నీకు చెప్పే ఉంటారు. ఆపేది ప్రధానంగా ముందు బ్రేకే, మెల్లగా మొదలుపెట్టి బిగించడం ఖాళీ గ్రౌండ్‌లో అలవాటు చేసుకో.

చాలామంది వదిలేసే పని ఇంకోటుంది. బండి డెలివరీ తీసుకున్న రోజే వెనక షాకప్ ప్రీలోడ్ (స్ప్రింగ్ బిగుతు) పెంచమని అడుగు. ఫ్యాక్టరీ నుంచి అది మామూలు బరువు మనిషికి సెట్ అయి వస్తుంది, నువ్వు కూర్చోగానే సగం దిగిపోయి, చిన్న గుంతకే అడుగు తగులుతుంది. షాకప్ కింద మెట్లు మెట్లుగా ఉండే రింగుని కొక్కెం లాంటి స్పానర్‌తో తిప్పడమే, రెండు నిమిషాల పని, రెండు వైపులా ఒకే మెట్టు మీద ఉండాలి. అలాగే గాలి. పంచర్ షాపువాడు చేతికొచ్చినంత కొడతాడు, నువ్వు చైన్ దగ్గర స్టిక్కర్ మీదో మాన్యువల్‌లోనో ఉన్న డబుల్స్ ప్రెషర్ చెప్పి వెనక టైర్లో కొట్టించుకో, సింగిల్‌గా వెళ్ళినా సరే. ఎప్పుడైనా టైరు మార్చాల్సొస్తే సైజొక్కటే చూడకు, పక్కనుండే లోడ్ అంకె కూడా చూడు. 62 అని ఉంటే ఆ టైరు 265 కిలోలు మోస్తుంది, 55 అయితే 218. చౌకగా వస్తుందని తక్కువ అంకెది వేయించుకోకు.

నేర్చుకోవడం మాత్రం కొత్త బండి మీద వద్దు. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకో, అది వచ్చిన 30 రోజుల తర్వాతే టెస్టుకి వెళ్ళగలవు, ఆ నెలంతా చుట్టాలదో ఫ్రెండ్‌దో పాత స్ప్లెండర్ మీద క్లచ్, యూటర్న్, ఎనిమిది ఆకారంలో తిప్పడం నేర్చుకో. ఏనుగు జోకులు ఓ నెల భరించు. కారు లైసెన్స్ ఉంది కదా అని సరిపెట్టుకోకు, అందులో గేర్ బండి విడిగా చేరాలి, లేకపోతే యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర చిక్కు.

ప్రశ్న: నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 90 కిలోలు. యాక్టివా బాగానే నడుపుతాను, గేర్ బండి నడపాలని కోరిక. కాళ్ళు అందవని, బండి పడితే లేపలేనని టెన్షన్. నలుగురూ నవ్వుతారని ఇంకో టెన్షన్.
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: మీరు సీటు ఎత్తు అంకె ఒక్కటే చూసి మోసపోకండి. సీటు వెడల్పుగా ఉంటే తొడలు పక్కకి పరుచుకుని, తక్కువ ఎత్తు బండి మీద కూడా మడమలు అందవు. మీటియర్ 350 సీటు 765 మిల్లీమీటర్లే, కానీ బండి 191 కిలోలు, నేర్చుకోవడానికి వద్దు. స్ప్లెండర్ సీటు 785, బరువు 112 కిలోలు, సీటు సన్నం, మీరు కూర్చోగానే షాకప్ కాస్త దిగుతుంది కూడా. రెండు పాదాలూ పూర్తిగా ఆనక్కర్లేదు, ముందు పాదాలు గట్టిగా ఆనితే చాలు. చెప్పులతో వద్దు, షూ వేసుకోండి, చున్నీ నడుముకి కట్టేసుకోండి.

పడితే లేపడానికి ఒక పద్ధతి ఉంది. ఇంజన్ ఆపండి, గేర్లో పెట్టండి, కుడివైపు పడితే ముందే సైడ్ స్టాండ్ తీసి ఉంచండి. తర్వాత బండికి వీపు పెట్టి సీటు అంచుకి నడుం కింది భాగం ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక గ్రాబ్ రైల్ పట్టుకుని, చిన్న చిన్న అడుగులతో వెనక్కి తోయండి. లేపేవి కాళ్ళు, నడుం కాదు. ఇంటి ముందు పాత దుప్పటి పరిచి, ఎవరినైనా పక్కన నిలబెట్టుకుని ఒకసారి చేసి చూడండి. నవ్వేవాళ్ళ గురించి నా దగ్గర మందు లేదు, హెల్మెట్ పెట్టుకుంటే సగం వినపడదు.

ప్రశ్న: లావుగా ఉన్నవాళ్ళు సెకండ్ హ్యాండ్ కొనొచ్చా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: కొనొచ్చు. మీరు చూడాల్సింది వెనక షాకప్‌ల దగ్గర, ముందు ఫోర్క్ రాడ్ల మీద ఆయిల్ చెమ్మ. ఉంటే సీల్స్ పోయినట్టే, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. సీటు మీద మీ బరువంతా వేసి ఒక్కసారి కిందికి అదిమి వదిలితే, బండి మెల్లగా పైకొచ్చి ఆగాలి, రెండు మూడుసార్లు ఊగితే షాకప్ అయిపోయింది. ఆర్‌సీలో ఫైనాన్స్ ఉందేమో చూసి, ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఆర్‌సీలో ఆ ఫైనాన్స్ తీసేయించే ఫారం 35 చేతికొచ్చాకే డబ్బులివ్వండి, బండి మీ పేరుకి మార్చే 29, 30 ఫారాల మీద అమ్మేవాడి సంతకాలు అదే రోజు పెట్టించుకోండి.