ముసలి కుక్కను నడిపించాలా, పడుకోనివ్వాలా?

ప్రశ్న: మా లాబ్రడార్‌కు 11 ఏళ్లు. ఒకప్పుడు గొలుసు చప్పుడైతే చాలు గుమ్మం దగ్గర గెంతులు వేసేది, ఇప్పుడు రోజంతా పడుకునే ఉంటోంది. వారమంతా మాకు తీరిక ఉండదు కనుక ఆదివారం మాత్రం గంటకు పైగా నడిపిస్తున్నాం. మర్నాడు లేవడానికే అవస్థపడుతోంది. వయసు మళ్లింది కదా, ఇక నడక మాన్పించమంటారా?

జవాబు: నడక మాన్పించవద్దు. మానవలసింది ఆ ఆదివారపు గంట. ఆరు రోజులు కదలిక లేని కీళ్ల మీద ఏడో రోజు అంత భారం ఒక్కసారిగా పడితే సోమవారం అవస్థపడడంలో వింత లేదు. అయితే మందకొడితనమంతా వయసు ఖాతాలో వేసేయడం చాలామంది చేసే పొరపాటు. కుక్కలు నొప్పిని మూలిగి చెప్పడం తక్కువ. లేచేటప్పుడు ముందుకాళ్ల మీద బరువు మోపి వెనుక భాగాన్ని ఈడ్చుకున్నట్టు లేపుతున్నా, మెట్ల దగ్గర ఆగి మీ ముఖంలోకి చూస్తున్నా, ఒకే కీలును అదే పనిగా నాకుతున్నా కీళ్లవాతాన్ని అనుమానించి ముందుగా పశువైద్యునికి చూపించండి. మీరు వేసుకునే నొప్పి మాత్రలు దానికి వేయవద్దు. పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ కుక్కల ప్రాణం మీదికి తెస్తాయి.

నొప్పి అదుపులోకి వచ్చాక రోజూ రెండు మూడు విడతలుగా, పది పదిహేను నిమిషాల చొప్పున నడిపించండి. తిరుగుదారిలో వెనుకబడుతుంటే మరుసటి రోజు దూరం తగ్గించండి. చూపు, వినికిడి సన్నగిల్లినా వాసన పట్టే శక్తి చాలాకాలం నిలుస్తుంది కాబట్టి, ఒక్క పొద దగ్గరే రెండు నిమిషాలు ముక్కు ఆనించి నిలబడిపోయినా గొలుసు లాగవద్దు. మీకు అది ఆలస్యంగా తోచవచ్చు గాని, దానికి నడకలోని సంబరమంతా అక్కడే ఉంది. తీరిక లేని రోజున పాత తువ్వాలు పరిచి, అది రోజూ తినే పొడి తిండిలోంచే గుప్పెడు పలుకులు చల్లి, వదులుగా చుట్టి ముందు పెట్టండి. మూతితో ఆ మడతలు విప్పుకోవడంలో దానికి మంచి కాలక్షేపం దొరుకుతుంది.

లాబ్రడార్లు తిండి దగ్గర మొహమాటం ఎరగవు, అందుచేత బరువు సంగతి మీరే చూడాలి. 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో 48 లాబ్రడార్లను జతలుగా చేసి, ప్రతి జతలో ఒకదానికి రెండోదానికన్నా 25 శాతం తక్కువ తిండి పెడుతూ పోగా, తక్కువ తిన్నవి సుమారు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటిలో కీళ్లవాతం కూడా ఆలస్యంగా బయటపడింది. నిమిరినప్పుడు పక్కటెముకలు చేతికి తగులుతుంటే బరువు సరిగా ఉన్నట్టే.

నున్నని గచ్చు మీద కాళ్లు జారిన కుక్క భయంతో కదలడమే తగ్గించుకుంటుంది. అది పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా జారని చాపలు వరుసగా పరవండి. గోళ్లు కూడా చూడండి, నడిచేటప్పుడు నేల మీద టకటకమంటున్నాయంటే కత్తిరించవలసినంత పెరిగినట్టు.