ఎండీఎఫ్ ప్యానెల్ మీద గీతలా? స్టెప్‌ఓవర్ చూడండి

సీఎన్‌సీ మెషీన్ (కంప్యూటర్ నడిపే చెక్కే మెషీన్) మీద చెక్కిన అలల డిజైన్ ఎండీఎఫ్ (చెక్క పీచుని అదిమి చేసిన బోర్డు) గోడ ప్యానెల్‌కి పెయింట్ వేశాక సన్నటి గీతలు తేలుతున్నాయన్నారు కదా, మెషీన్‌ని అనుమానించకండి. 6 మి.మీ. బాల్‌నోజ్ బిట్‌కి (మొన గుండ్రంగా ఉండే కోత బిట్) మీరు 1.5 మి.మీ. స్టెప్‌ఓవర్, అంటే పక్కపక్క కోతల మధ్య దూరం, పెట్టారు. నాగలి చాళ్ల మధ్య గట్టు మిగిలినట్టే, ఇక్కడా దాదాపు 0.1 మి.మీ. గట్టు మిగులుతుంది. 0.75కి దించితే గట్టు సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. టైం మాత్రం ఇంచుమించు రెట్టింపు! ఫినిషింగ్ పాస్‌లోనే (చివరి నున్నటి కోత) మార్చండి, రఫింగ్‌ని (మొదటి మోటు కోత) కదపొద్దు.

గీతలు కాకుండా పలకలు పలకలుగా కనిపిస్తే అది వేరే జబ్బు. డిజైన్‌ని ఎస్‌టీఎల్‌గా (వంపుల్ని చిన్న త్రిభుజాలుగా మార్చి దాచే 3డీ ఫైల్) ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు టాలరెన్స్ (అసలు వంపుకీ త్రిభుజాలకీ ఉండనిచ్చే తేడా) 0.01 మి.మీ.కి తగ్గించండి.

ఇంకోటి, చెక్కిన ఎండీఎఫ్ పెయింట్‌ని తాగేస్తుంది, పీచు లేస్తుంది. ముందు సీలర్ (పెయింట్ ఇంకకుండా ఆపే పూత) కొట్టి, ఆరాక 220 నంబర్ గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దండి. మెరిసే గ్లాసీ పెయింట్‌లో గీత ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, నేనైతే మెరుపు లేని మ్యాటే వేస్తాను. ముందు అరచేయంత ముక్క మీద చెక్కి చూసుకోండి.