బేసి పొరలకి ఒక గుణం, సరి పొరలకి ఇంకో గుణమా?

ప్రశ్న: సార్, మాంగనీస్ బిస్మత్ టెల్లురైడ్‌లో పొరల లెక్క బేసా సరా అన్నదాన్ని బట్టి గుణమే మారిపోద్దంట, అదెట్లా? – ఎమ్మెస్సీ ఫిజిక్స్ స్టూడెంట్, తిరుపతి

జవాబు: అంతా మాంగనీస్ స్పిన్‌ల వల్లే అమ్మా, స్పిన్ అంటే ఒక్కో పరమాణువులో ఉండే బుల్లి అయస్కాంతం అనుకో. ఈ క్రిస్టల్‌లో ఒక్కో పొరంటే ఏడు పరమాణు వరసలు, నడిమధ్యలో మాంగనీస్. సుమారు 25 కెల్విన్ కింద ఒక పొరలో స్పిన్‌లన్నీ పైకి చూస్తే దాని పక్క పొరలో అన్నీ కిందికి చూస్తాయి, కాబట్టి పొరల లెక్క సరి సంఖ్య అయితే అయస్కాంతత్వం ఒకదానికొకటి కొట్టేసుకుంటుంది, బేసి అయితే ఒక పొరది మిగిలిపోద్ది. అట్లా అయస్కాంతత్వం మిగిలినప్పుడు లోపలంతా ఇన్సులేటరే, కరెంటు అంచుల వెంబడే పోద్ది, అదీ ఒక్కో అంచులో ఒకే దిశలో. తిరుమలకి ఎక్కే ఘాట్ రోడ్డు వేరు, దిగేది వేరు కదా, ఎదురు బండి రాదు, అట్లనే ఎలక్ట్రాన్ వెనక్కి తిరుగుదామన్నా ఆ అంచులో దారి ఉండదు. అందుకే హాల్ రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డంగా పుట్టే వోల్టేజీని కరెంటుతో భాగిస్తే వచ్చేది, సుమారు 25,813 ఓమ్‌ల దగ్గర నిలబడిపోద్ది, బయట అయస్కాంతం పెట్టకుండానే!

2013లో చైనా సైంటిస్టులు క్రోమియం కలిపిన వేరే పదార్థపు పల్చటి ఫిల్ములో, బయట అయస్కాంతం లేకుండా వచ్చే ఈ ఎఫెక్ట్‌ని మొదట చూపించినప్పుడు 0.03 కెల్విన్ దాకా చల్లబరచాల్సి వచ్చింది, 2020లో ఐదు పొరల మాంగనీస్ బిస్మత్ టెల్లురైడ్‌లో 1.4 కెల్విన్‌కే వచ్చేసింది, నా దృష్టిలో ఇది చాలా పెద్ద అడుగు. ఆరు పొరలదాంట్లో మాత్రం హాల్ సిగ్నల్ సున్నా, దాన్ని యాక్సియాన్ ఇన్సులేటర్ అంటారు. ఇబ్బందల్లా శాంపిల్ తయారీలోనే, మాంగనీస్ పోయి బిస్మత్ చోట్లో కూర్చుంటుంది, బిస్మత్ వచ్చి మాంగనీస్ చోట్లో, దాంతో ఒక ముక్కలో వచ్చిన రిజల్టు ఇంకో ముక్కలో రాదు.