బీపీ ఉంది, ఫీటల్ మెడిసిన్ స్పెషలిస్ట్‌ని కలవమన్నారు. అంత అవసరమా?

మీకు ముందు నుంచీ బీపీ ఉంది, ఇప్పుడు 11వ వారం, కడుపులో బిడ్డని ప్రత్యేకంగా చూసే స్పెషలిస్ట్‌కి రాసిచ్చారంటే బిడ్డకేదో తేడా ఉందేమోనని భయపడుతున్నారు. తేడా ఉందని కాదండీ. కానీ తప్పకుండా వెళ్లండి, అదీ ఈ ఒకటి రెండు వారాల్లోనే.

నా మొదటి కాన్పులో బీపీ పెరిగి, మూత్రంలో ప్రోటీన్ పోయి, నెలలు నిండకుండానే పాప పుట్టింది. అందుకే రెండోసారి మొదట్నుంచీ స్పెషలిస్ట్‌కి కూడా చూపించుకున్నాను. 11 నుంచి 14 వారాల మధ్య చేసే స్కాన్‌లోనే గర్భసంచికి వెళ్లే రక్తనాళాల్లో రక్తం ఎలా ప్రవహిస్తోందో కూడా చూశారు. ఆ వెంటనే రాత్రిపూట వేసుకోమని తక్కువ డోసు ఆస్పిరిన్ రాశారు. గుండెజబ్బు వాళ్ల మాత్ర నాకెందుకని అడిగాను. మాయ సరిగ్గా కుదురుకోవాల్సిన దశలో, అంటే 16 వారాల లోపు మొదలుపెడితే బీపీ ముదిరి ముందే కాన్పయ్యే ప్రమాదం తగ్గుతుందని, ఆలస్యమైతే అంత ఫలితం ఉండదని చెప్పారు. మిమ్మల్ని తొందరపెడుతున్నది అందుకే. అలాగని సొంతంగా మాత్రం వేసుకోకండి.

ఇంకో మాట, ఇప్పటికే బీపీ మాత్ర వాడుతుంటే దాని పేరు ఇవాళే మీ డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పండి. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి గర్భిణులకు మంచివి కావు. లాబెటలాల్, నిఫెడిపిన్ లాంటి వాటికి మారుస్తారు. అడగకుండా మానేయడమూ ప్రమాదమే.

మీ మామూలు డాక్టర్‌ని వదిలేయాల్సిన పని లేదు. నాకు కాన్పు చేసింది నా మామూలు డాక్టరే. ఒకరు వారానికి రమ్మంటే ఒకరు నెలకి రమ్మని నన్ను కాస్త తికమక పెట్టారనుకోండి! మీరే ఒకసారి మాట్లాడుకోండి అని ఇద్దరికీ చెప్పేశాక ఆ గొడవ పోయింది. మొహమాటపడకుండా మీరూ అలాగే చెప్పండి.

28 వారాల నుంచి బిడ్డ ఎదుగుదల, బొడ్డుతాడులో రక్తప్రవాహం తరచూ చూశారు. 33వ వారంలో ఎదుగుదల మందగించింది. బిడ్డ ఊపిరితిత్తుల కోసం 24 గంటల తేడాతో రెండు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి, 34వ వారంలో సిజేరియన్ చేశారు. బాబుని కొన్నాళ్లు ఎన్‌ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో ఉంచాల్సి వచ్చింది. అది అదే ఆసుపత్రిలో ఉండడం ఎంత మేలైందో చెప్పలేను. పుట్టిన పసికందుని వేరే చోటికి తరలించడం కన్నా, కడుపులో ఉండగానే తల్లి అక్కడికి చేరడం మంచిది. కాబట్టి స్పెషలిస్ట్ పేరు కన్నా ముందు, నెల తక్కువ పిల్లల్ని చూసుకునే ఏర్పాటు అక్కడ ఉందో లేదో కనుక్కోండి.

విపరీతమైన తలనొప్పి, కళ్లముందు మెరుపులు, కుడి పక్కటెముకల కింద నొప్పి, బిడ్డ కదలికలు తగ్గడం: వీటిలో ఏది కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఇంట్లో బీపీ మిషన్‌లో 160/110 చూపించినా అంతే, వెంటనే బయల్దేరండి. కాన్పయ్యాక మొదటి వారంలో కూడా బీపీ పెరగొచ్చు. ఇంటికొచ్చాక నాకు అదే జరిగి డోసు పెంచారు. అందుకని ఆ మిషన్‌ని అప్పుడే అటకెక్కించకండి.