తమ్ముడికి ఏం కావాలో తమ్ముణ్ణే అడగండి

ప్రశ్న: మాది మదనపల్లె. నేనూ మావారూ ఉద్యోగాల కోసం బెంగళూరు వచ్చి మారతహళ్లిలో ఉంటున్నాం. మా తమ్ముడికి 26 ఏళ్లు. ఇంజినీరింగ్ అయ్యి ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆఫీసువాళ్లు ఫోన్లోంచి తనని చూస్తున్నారని కెమెరాకి ప్లాస్టర్ అంటించేవాడు. ఎవరో తిడుతున్నట్టు వినిపిస్తోందనేవాడు. ఇక్కడి మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌లో చూపిస్తే స్కిజోఫ్రెనియా అన్నారు. రెండేళ్లుగా మందులు వాడుతున్నాం. ఆ మాటలు వినిపించడం తగ్గింది. కానీ పదకొండింటిదాకా లేవడు, స్నానం చెయ్యడు, ఎవరితోనూ కలవడు. మధ్యలో మాత్రలు వేసుకోనని మొండికేస్తే, మా దగ్గరే ఉంటున్న అమ్మ పెరుగన్నంలో కలిపి పెడుతోంది. పెళ్లి చేస్తే దార్లో పడతాడని, అవతలివాళ్లకి జబ్బు సంగతి చెప్పొద్దని నాన్న అంటున్నారు. మావారికి ఓపిక అయిపోతోంది. వాడు మళ్లీ మామూలు మనిషి అవుతాడా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అమ్మ ఏం చేస్తోందో ఉంది, నాన్న ఏమంటున్నారో ఉంది, మీవారి విసుగూ ఉంది. ఇప్పుడు మీ తమ్ముడు ఏమంటున్నాడో మాత్రం ఒక్క ముక్క లేదు. మీరు కావాలని వదిలెయ్యలేదు. జబ్బు ముదిరి ఉన్నప్పుడు అతని మాటల్లో ఏది నమ్మాలో తెలియక, ఇంట్లోవాళ్లే అన్నీ నిర్ణయించాల్సి వస్తుంది. జబ్బు తగ్గుముఖం పట్టినా ఆ అలవాటు మాత్రం పోదు. మీ ఇంట్లో ముందు మారాల్సింది అదేనని నాకనిపిస్తోంది.

అతను లేవకపోవడం, స్నానం చెయ్యకపోవడం బద్ధకం కాదు. లేనివి వినిపించడం, అనుమానాలు రావడం ఈ జబ్బులో పైకి కనిపించే భాగం. మందులు బాగా పనిచేసేది దానిమీదే. ఏ పనిమీదా ఆసక్తి పుట్టకపోవడం, మాట తగ్గిపోవడం, ముఖంలో ఏ భావమూ లేకపోవడం కూడా జబ్బే. అవి మందులకి అంత తొందరగా లొంగవు. దానికి తోడు మాత్రల మత్తు ఉండొచ్చు, దిగులు కూడా ఉండొచ్చు. తోటివాళ్లు ఉద్యోగాల్లో పైకి వెళ్తుంటే తను అక్క ఇంట్లో పడి ఉన్నానని ఆ కుర్రాడికి తెలియదంటారా? మూడింటిలో ఏది ఎంతో డాక్టరు తేల్చాలి. వచ్చే చెకప్‌లో అడగండి. డోసు, వేసుకునే వేళ, అవసరమైతే మందు కూడా మార్చే వీలుంటుంది. ఈ మందుల్లో కొన్నిటివల్ల బరువు, షుగర్ పెరుగుతాయి కాబట్టి ఆ పరీక్షల సంగతీ కనుక్కోండి.

పెరుగన్నంలో మాత్రలు కలపడం ఇక ఆపించండి. అమ్మగారిది ప్రేమే, కాదనను. కానీ తనమీద ఏదో కుట్ర జరుగుతోందని ఒకప్పుడు భయపడ్డ మనిషి అన్నంలో తెల్లటి పలుకు చూస్తే ఏమనుకుంటాడు? తన భయం నిజమేననుకుంటాడు. ఆ తర్వాత ఆ చేతి ముద్ద ముట్టడు. అలాగని ఉన్నట్టుండి మాత్రలు ఆపెయ్యకండి, జబ్బు తిరగబెడుతుంది. ఈ సంగతి డాక్టరుతో దాచకుండా చెప్పండి. అతనికి తెలియజెప్పడం ఎలాగో ఆయన దారి చూపిస్తారు. మాత్రలెందుకు వద్దన్నాడో తమ్ముణ్ణి అడగండి. మత్తుగా ఉంటోందనో, కాళ్లు ఒకచోట నిలవట్లేదనో, లావైపోతున్నాననో అనొచ్చు. ప్రతిదానికీ చెయ్యగలిగింది ఉంది. రోజూ మాత్ర మింగడమే కష్టమైతే రెండు వారాలకో నెలకో ఒకసారి వేసే ఇంజెక్షన్లున్నాయి. అతను ఒప్పుకుంటే ఇంట్లో రోజువారీ గొడవ తప్పుతుంది.

ఇంట్లోవాళ్ల తీరు గురించి లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడు 1950లలోనే చూడడం మొదలుపెట్టారు. ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లినవాళ్లలో జబ్బు ఎవరికి తిరగబెడుతోందని గమనిస్తే, అస్తమానం తప్పులెంచే ఇళ్లలోనూ, మరీ అతిగా పట్టించుకునే ఇళ్లలోనూ ఎక్కువగా కనిపించింది. జబ్బు మీవల్ల రాలేదు, ఆ మాట ఎవరన్నా నమ్మొద్దు. కానీ ఇంట్లో అరుపులు తగ్గితే అతను నిలదొక్కుకోవడం తేలికవుతుంది. ‘ఎప్పుడూ ఇంతే’ అనకుండా, ‘సాయంత్రం లోపు స్నానం చేస్తావా, నీళ్లు కాచమంటావా’ అనండి. రోజుకి ఒక పని అతనిదిగా వదిలెయ్యండి. నందిని పాలప్యాకెట్లు తేవడమైనా సరే. లేటైతే కాఫీ లేటవుతుంది, అంతే. మీరు పరిగెత్తి తెచ్చెయ్యకండి. కాస్త కుదుటపడ్డాక నిమ్హాన్స్‌లోనే ఉన్న పునరావాస విభాగం గురించి అడగండి. పగలంతా అక్కడ గడిపి పని నేర్చుకునే ఏర్పాటు ఉంటుంది. అలాంటిచోట కొన్నాళ్లు గడిపితే, మళ్లీ ఉద్యోగమంటే అంత భయం ఉండదు.

పెళ్లి విషయంలో మాత్రం నేను గట్టిగానే చెప్తాను. పెళ్లి మందు కాదు. దాచి చేస్తే ఆ పిల్లకి అన్యాయం. మాత్రలు దొంగచాటుగా వేసుకోవాల్సొచ్చి మీ తమ్ముడికీ ప్రమాదం. హిందూ వివాహ చట్టం కింద అలాంటి పెళ్లిని రద్దు చెయ్యమని కోర్టుకెళ్లే అవకాశమూ ఉంది. ఈ జబ్బున్నవాళ్లు పెళ్లి చేసుకోకూడదని కాదు, చక్కగా కాపురం చేసుకుంటున్నవాళ్లున్నారు. కానీ అతను కుదుటపడి, తనకి పెళ్లి కావాలని తనే అని, అవతలివాళ్లకి అన్నీ తెలిశాకే. నాన్నగారు మీ మాట వినకపోతే ఒకసారి మదనపల్లె నుంచి పిలిపించి డాక్టరు ముందు కూర్చోబెట్టండి.

మామూలు మనిషి అవుతాడా అన్నారు. కనీసం ముగ్గురిలో ఒకరు పూర్తిగా కోలుకోగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంకొందరు మందులు వాడుకుంటూ ఉద్యోగం, సంసారం నడుపుకుంటారు. కొందరికి చాలాకాలం తోడు కావాలి. మీ తమ్ముడు ఎటువైపో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. వయసు చిన్నది, మందులు పనిచేస్తున్నాయి, అక్క వెంట ఉంది. నాకైతే ఆశే ఎక్కువ కనిపిస్తోంది.

అతను నిమ్మళంగా ఉన్న రోజు చూసుకుని ఇద్దరూ కూర్చుని ఒక కాగితం రాయండి. కిందటిసారి జబ్బు మొదలయ్యే ముందు ఏమైంది? నిద్ర తగ్గిందా, ప్లాస్టర్ అప్పుడే అంటించాడా? అతని మాటల్లోనే రాయించండి. మళ్లీ అవి కనిపిస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా అతనే చెప్పాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, తనకి ఎలాంటి వైద్యం కావాలో, వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కు, తన తరఫున మాట్లాడే మనిషిని ఎంచుకునే హక్కు అతనికున్నాయి. మిమ్మల్నే ఎంచుకుంటాడేమో, అడగండి. చచ్చిపోతానన్నా, తిండీ నిద్రా మానేసినా చెకప్ తేదీ దాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అర్ధరాత్రి ఏం చెయ్యాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలి మానస్‌కి చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

ఇక మీవారు. ఇన్నాళ్లు బావమరిదిని ఇంట్లో పెట్టుకున్న మనిషి విసుక్కుంటే తప్పుపట్టలేం. తమ్ముడు సరేనంటే వచ్చే చెకప్‌కి ఆయన్నీ వెంట తీసుకెళ్లండి. ఇది బద్ధకం కాదని మీరు చెప్తే ఒకటి, డాక్టరు చెప్తే ఒకటి. నెలలో ఒక ఆదివారం తమ్ముణ్ణి అమ్మగారికి వదిలి మీరిద్దరే లాల్‌బాగ్‌కో సినిమాకో వెళ్లిరండి. ఆ పూట ఇంటికి ఫోన్ చెయ్యకండి.