‘మంచి ప్రభావంగా ఉండటం’ తెలుగేనా?

సందేహం: మాది ఒడిశాలోని రాయగడ. మా క్రైస్తవ సంఘంలో యౌవనస్థులకు మూడు రోజుల కూడికలు పెడుతున్నాం. కరపత్రం ఒకవైపు తెలుగులో, రెండోవైపు ఒడియాలో వేయిస్తాం. తెలుగువైపు ‘ఆత్మీయ నూతనీకరణ – ఇతరులపై మంచి ప్రభావంగా ఉండటం’ అని రాశాం. పెద్దలు ‘ఉజ్జీవం’ అనే మాట ఉండి తీరాలంటున్నారు. పిల్లలకేమో ఆ మాట తెలియదు. ఏం రాయమంటారు?

సమాధానం: మీ శీర్షికలో మొదటి సగం వ్యాకరణానికి నిలుస్తుంది, రెండో సగం నిలవదు. కాబట్టి రెండోదే ముందు చూద్దాం.

‘-గా ఉండు’ అన్నప్పుడు ఆ మనిషి ఏమై ఉన్నాడో, ఎలా ఉన్నాడో చెబుతాం. తోడుగా ఉన్నాడు, అండగా ఉంది, పెద్దదిక్కుగా ఉన్నారు. ప్రభావం అలాంటి మాట కాదు. ఒకటి మరొకదానిమీద కలిగించే ఫలితం అది. అందుకే ప్రభావం పడుతుంది, ఉంటుంది, కనిపిస్తుంది. మనిషి దాన్ని చూపుతాడు. ‘తండ్రి ప్రభావం కొడుకు మీద ఉంది’ అంటే నిక్షేపమైన తెలుగు. ‘తండ్రి కొడుకుపై ప్రభావంగా ఉన్నాడు’ అని ఏ ఊళ్లోనూ ఎవరూ అనరు. ‘మంచి ప్రభావం చూపడం’ అని దిద్దితే వాక్యం నిలబడుతుంది గాని, పత్రికలు ఆ మాటను తుఫానుకూ కరువుకూ కూడా వాడుతున్నాయి. పైగా సంఘంలో పెరిగినవారి చెవికి అది వేరే మాట. బైబిలులోని ప్రకటన గ్రంథం 4:11లో దేవుణ్ణి ‘మహిమ ఘనత ప్రభావములు పొందనర్హుడవు’ అని స్తుతిస్తారు. అక్కడ ప్రభావమంటే బలం, తేజస్సు. అది దేవునికి చెందినదని పాడుకునేవారిని, మీరే ప్రభావంగా ఉండండి అనడం అతకదు.

మీకు కావలసిన మాట బైబిలులోనే ఉంది. 1 తిమోతి 4:12లో అపొస్తలుడైన పౌలు పడుచువాడైన తిమోతికి, ‘మాటలోను, ప్రవర్తనలోను, ప్రేమలోను, విశ్వాసములోను, పవిత్రతలోను, విశ్వాసులకు మాదిరిగా ఉండుము’ అని రాస్తాడు. ‘మాదిరి’ బజారులోనూ బతికున్న మాట. బట్టల కొట్లో మాదిరి చూపిస్తారు, బడిలో మాదిరి ప్రశ్నపత్రం ఇస్తారు. చూసి అలాగే చేయదగినది అని ఏ పిల్లవాడికైనా తెలుస్తుంది. ఆ వచనంలో ఐదు రంగాలున్నాయి కనుక మూడు రోజుల ప్రసంగాలకు విడిగా శీర్షికలు వెతకనక్కరలేదు. ‘ఆదర్శం’ కూడా తప్పు కాదు. సంస్కృతంలో ఆ మాటకు అద్దం అని అర్థం. అయితే ఇప్పటి తెలుగులో అది అందనంత ఎత్తున ఉన్నదాన్ని తలపిస్తోంది. పదహారేళ్లవాడు ‘నేను ఆదర్శంగా ఉంటాను’ అనడానికి జంకుతాడు, ‘మాదిరిగా ఉంటాను’ అనడానికి జంకడు.

ఒకరి మంచి ఇంకొకరికి అంటడం గురించి చెప్పడానికి తెలుగుకు సొంత దారి ఉంది, అది సహవాసం. ‘ఆరు నెలలు సహవాసం చేస్తే వారు వీరవుతారు’ అన్న సామెతలో మీ కరపత్రం విషయమంతా ఇమిడి ఉంది. క్రైస్తవుల తెలుగులో ఈ మాటకు ఇంకా బరువు ఎక్కువ. అపొస్తలుల కార్యములు 2:42లో తొలి విశ్వాసులు బోధలోనూ సహవాసంలోనూ రొట్టె విరవడంలోనూ ప్రార్థనలోనూ ఎడతెగక ఉన్నారని చదువుతాం. చెడ్డవైపు చెప్పాలంటే ‘దుష్టసాంగత్యము మంచి నడవడిని చెరుపును’ (1 కొరింథీయులకు 15:33) ఉండనే ఉంది. తప్పులో చిక్కుకున్నవాణ్ణి ఏం చేయాలో గలతీయులకు 6:1 చెబుతుంది: సాత్వికమైన మనస్సుతో ‘మంచి దారికి తీసికొని రావలెను’. మంచి దారికి తేవడం, మంచివైపు నడిపించడం, సత్కార్యాలకు పురికొల్పడం – వీటిలో ప్రతిదానికీ చేసేవాడు ఒకడున్నాడు, చేయవలసిన పని ఒకటుంది. ‘ప్రభావం’లో ఆ రెండూ కనబడవు. ప్రసంగికుడు ఈ క్రియలు వాడితే, వినేవాడికి రేపు తాను ఏం చేయాలో తెలుస్తుంది.

ఇక ‘ఆత్మీయ’. సంఘంలో దీన్ని ఆత్మకు సంబంధించినది అన్న అర్థంలో వాడటం బాగా స్థిరపడింది, దాన్ని తప్పనను. కానీ బయటివారి తెలుగులో ఆత్మీయుడంటే దగ్గరివాడు. ‘ఆత్మీయ సమావేశం’ అని గోడమీద చూస్తే పాత విద్యార్థుల కలయిక అనుకుంటారు. మీ ఊళ్లో చిక్కు ఇంకాస్త ముదురుతుంది. ఒడియాలో ఆత్మీయ అంటే బంధువు. ఒడియా బడిలో చదివిన పిల్లలు ఈ మాటను చుట్టాలకు ముడిపెట్టుకునే అవకాశం ఉంది. తెలుగు బైబిలు వాడేది ‘ఆత్మసంబంధమైన’. ‘ఆధ్యాత్మిక’ అన్నా ఇబ్బంది లేదు.

‘నూతనీకరణ’ సంస్కృత వ్యాకరణం ప్రకారం సరైన రూపమే. కాకపోతే అందులో కార్యాలయపు వాసన ఉంది. పెద్దలు అడిగిన ‘ఉజ్జీవం’ (ఉత్ + జీవం) మంచి మాట, చల్లారినది మళ్లీ ప్రాణం పోసుకోవడం దాని భావం. జ కింద జ వత్తు, దానికి దీర్ఘం తప్పనిసరి. ‘ఉజీవం’, ‘ఉద్జీవం’ అని అచ్చు వేయించకండి. ‘పునరుద్ధరణ’ అంటే పడిపోయినదాన్ని పూర్వస్థితికి తేవడం. అందులో ద కింద ధ వత్తు ఉండాలి, ద వత్తు కాదు. తొట్రిల్లి దూరమైనవాడు తిరిగి రావడానికి పునరుద్ధరణ, సంఘమంతా భక్తి చల్లారి నులివెచ్చనైతే ఉజ్జీవం, మనిషి లోపలే మారితే నూతనమవడం. ఈ మూడూ ఒకదానికొకటి బదులు కావు.

నామపదం కన్నా క్రియ దగ్గరే ఎక్కువమంది తడబడతారు. 2 కొరింథీయులకు 4:16లో ‘ఆంతర్యపురుషుడు దినదినము నూతన పరచబడుచున్నాడు’ అని ఉంది. ఈ ‘బడు’ మన నోట పలకదు. చేసేవాణ్ణి ముందుకు తెచ్చి, ‘దేవుడు మన లోపలి మనిషిని రోజురోజుకూ కొత్తగా చేస్తున్నాడు’ అంటే భాషా కుదురుతుంది, బోధా చెడదు. ‘కొత్తవాళ్లం అవుదాం’ అని మాత్రం రాయకండి, కొత్తవాళ్లంటే ముఖపరిచయం లేనివాళ్లు. ‘పునర్జన్మ’ కూడా కరపత్రానికి వద్దు. తీతుకు 3:5లో ఆ మాట ఉన్నా, దారినపోయేవారు చనిపోయాక వచ్చే జన్మ అనుకుంటారు.

వచనాన్ని ఎత్తి రాసేటప్పుడు గ్రంథంలో ఉన్నట్టే రాయండి, మీ సొంత వాక్యం మాత్రం వాడుక తెలుగులో ఉండాలి. ఒకే వాక్యంలో రెండూ కలిపితే (‘మీరు నూతనపరచబడునట్లు తప్పకుండా రండి’) రెండూ పాడవుతాయి. మీ పొరుగున ఉన్న పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు వాడుకభాష కోసం జీవితమంతా పోరాడారు. 1936లో ఒడిశా విడి రాష్ట్రమయ్యాక మీ వైపు బడి ఒడియాకు మారింది, తెలుగు ఇంట్లోనూ ఆరాధనలోనూ నిలిచింది. చాలామంది పిల్లలు తెలుగు అక్షరాన్ని కూడబలుక్కుని చదువుతారు. పొడుగు సమాసం చూస్తే కరపత్రం మడిచి జేబులో పెట్టుకుంటారు.

కాబట్టి పైన చిన్న అక్షరాల్లో ‘యౌవనస్థుల ఉజ్జీవ కూడికలు’ అని వేయండి, పెద్దల మాట నిలుస్తుంది. కింద పెద్ద అక్షరాల్లో ‘కొత్త మనసు పొందుదాం – నలుగురికి మాదిరిగా ఉందాం’ అని వేయండి. ‘మీ మనస్సు మారి నూతన మగుటవలన రూపాంతరము పొందుడి’ అన్న రోమీయులకు 12:2 దానికి ఆధారం. పిల్లలు ‘ఉజ్జీవం’ అంటే ఏమిటని అడిగితే మొదటి రోజే ఎవరైనా రెండు మాటల్లో చెప్పండి.

ఒడియావైపు రాసేవారు తెలుగు మాటల్ని లిపి మార్చి దించేయకూడదు. మన ‘సంఘం’ అక్కడ మండలి. ‘సంఘ’ అంటే ఏదో సమితి అనుకుంటారు. ‘మారుమనస్సు’కు (పాపం విడిచి దేవునివైపు తిరగడానికి) వారి బైబిలులో మనపరివర్తన ఉంది. ఆత్మసంబంధమైనదానికి ‘ఆత్మిక’ అని రాయాలి.