కౌన్సెలింగ్ మానేశాక మనసును అర్థం చేసుకోవడం ఎలా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. వయసు 43. మిర్చి కోల్డ్ స్టోరేజీలో పద్దులు రాస్తాను. సీజన్‌లో ఇంటికి వచ్చాక చిన్న మాటకే మా ఆవిడ మీద, పిల్లల మీద అరుస్తున్నాను. ఆ తరువాత అదే తలచుకుంటూ అర్ధరాత్రి దాకా నిద్రపోలేను. విజయవాడలో కొన్నాళ్లు కౌన్సెలింగ్‌కు వెళ్తే మేలు కనిపించింది గాని, ఖర్చు, ప్రయాణం భరించలేక మానేశాను. నా అంతట నేను నన్ను అర్థం చేసుకునే మార్గం ఉందా?

జవాబు: ఉందండి. జరిగినదాన్నే రాత్రంతా తలపోయడాన్ని చాలామంది ఆత్మపరిశీలన అనుకుంటారు. దానివల్ల బాధ పెరుగుతుందే తప్ప కోపం ఎక్కడ పుట్టిందో తెలియదు.

కాగితం మీద రాయడం అంతకంటే మేలు. అమెరికాలో మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన పరిశోధనలో కొందరు కళాశాల విద్యార్థులు వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు తమను కలచివేసిన అనుభవాలను రాశారు. జరిగినదానితోపాటు తమ మనోభావాలను కూడా రాసినవారు ఆ వెంటనే మరింత దిగులుపడినా, తరువాతి నెలల్లో వైద్యకేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. తరువాతి పరిశోధనలన్నింటినీ కలిపి చూస్తే లాభం స్వల్పమే. అయితే రోజులు గడిచేకొద్దీ ‘ఎందుకంటే’, ‘ఇప్పుడు అర్థమవుతోంది’ వంటి మాటలు ఎవరి రాతల్లో పెరిగాయో వారికి ఎక్కువ మేలు జరిగినట్లు పెన్నెబేకర్ గమనించారు.

కాబట్టి ‘ఆవిడ ఎదురు చెప్పింది, అరిచాను’ అని రాసి ఆపకండి. ఆ రోజు భోజనం ఎన్నింటికి చేశారు, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క తేలనప్పుడు యజమాని ఏమన్నారు, ఆయన ముందు మీరు ఎందుకు నోరు మెదపలేకపోయారు అన్నవి కూడా రాయండి. పద్దులో తేడా వస్తే చివరి అంకెను తిట్టి ఊరుకోరు కదా, వెనక్కి వెళ్లి ఎక్కడ తప్పిందో వెతుకుతారు. ఇదీ అలాంటి పనే. ‘నేను’ అని రాయడం కష్టమనిపిస్తే మీ పేరు పెట్టి, మరో మనిషి గురించి చెబుతున్నట్లు రాయండి. అప్పుడు ఉద్వేగం కొంత తగ్గుతుంది. ఎవరికీ చూపించనక్కరలేదు, చించేసినా ఫరవాలేదు.

నడక మంచిదని మీకు ఈపాటికే ఎవరో ఒకరు చెప్పి ఉంటారు, అది నిజమే. 10 రోజుల విపశ్యన ధ్యాన మౌన శిబిరానికి వెళ్లమని కూడా ఎవరైనా అనవచ్చు. దానికి రుసుము ఉండదు, చాలామంది మెచ్చుకుంటారు, కానీ నిద్ర సరిగా లేని ఈ స్థితిలో దాన్ని మొదటి మెట్టుగా నేను సూచించను. అంతకంటే, ఇంటికి రాగానే ఒక అరగంట మిమ్మల్ని ఏమీ అడగవద్దని మీ ఆవిడకు సీజన్ మొదలవకముందే, ప్రశాంతంగా ఉన్నప్పుడు చెప్పి చూడండి.

రాస్తున్నకొద్దీ భయం పెరిగితే ఆపేయండి. నిద్ర, ఆకలి రెండు వారాలైనా కుదుటపడకపోతే మానసిక వైద్యుణ్ణి కలవండి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనే ఆ విభాగం ఉంది. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకుండా 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన ఈ టెలీ మానస్ ఫోన్ కౌన్సెలింగ్ సేవ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. మామూలు దిగులుకైనా చేయవచ్చు, విజయవాడ బస్సు ఎక్కనక్కరలేదు.